అష్టమి దగ్గర తేడా

పంచాంగం అచ్చయి రాగానే జనం తిరగేసేది రాశిఫలాలు, ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు. పురోహితులు వెతికేది ముహూర్తాలు. నేను చూసేది అష్టములు. శుక్లపక్షంలో ఒకటి, కృష్ణపక్షంలో ఒకటి చొప్పున ఏడాది పొడవునా వేలు పెట్టి చూసుకుంటూ పోతాను. ఆ పంచాంగం ఏ గణితంతో కట్టారో తెలియడానికి ముందు పేజీలోని బిరుదులు అక్కర్లేదు, అష్టమి ఎప్పుడు ముగుస్తుందో చూస్తే చాలు. అమావాస్య, పున్నమి దగ్గర పాత లెక్కకీ కొత్త లెక్కకీ పెద్దగా తేడా రాదు. అష్టమి దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఒక్కోసారి అయిదు గంటల ఎడం పడుతుంది.

ఆ ఎడం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఒక రకంగా ఈ ఒక్క ప్రశ్నకి జవాబే.

మాది కోనసీమలో పంచాంగం కట్టే ఇల్లు. నాన్నగారు సూర్యసిద్ధాంత పద్ధతిలో, సారణుల సాయంతో గణితం చేసేవారు. కలియుగాది నుంచి మనకు కావలసిన రోజు దాకా ఎన్ని రోజులు గడిచాయో ముందు తేల్చాలి. అది అహర్గణం. సూర్యచంద్రులు ఎప్పుడూ ఒకే వేగంతో నడిచి ఉంటే ఆ రోజుకి ఎక్కడ ఉండేవారో దాని నుంచి వస్తుంది. అది మధ్యమం. కానీ ఇద్దరి నడకా సమానం కాదు. చంద్రుడు భూమికి దగ్గరైనప్పుడు జోరుగా పోతాడు, దూరమైనప్పుడు నెమ్మదిస్తాడు. ఆ హెచ్చుతగ్గులకు చేసే సవరణ మందఫలం. దాన్ని కలిపో, తీసేసో తెచ్చుకున్న స్థానం స్ఫుటం. రవి స్ఫుటం, చంద్ర స్ఫుటం చేతికొస్తే అయిదంగాల్లో వారం తప్ప మిగతా నాలుగూ వచ్చినట్టే. చంద్రుడిలోంచి సూర్యుణ్ణి తీసేస్తే తిథి, తిథిలో సగం కరణం, ఇద్దరినీ కూడితే యోగం, చంద్రుడొక్కణ్ణే చూస్తే నక్షత్రం.

కాలేజీలో గణితం చదువుతున్న రోజుల్లో, సెలవులకి ఇంటికొస్తే నాన్నగారి పక్కన కూర్చుని కూడికలు, తీసివేతలు సరిచూడడం నా పని. అంశలు, కలలు, వికలలు, ఘడియలు, విఘడియలు, అన్నీ అరవైల్లో నడిచే లెక్కలు. ఉగాదికి పుస్తకం అంగళ్ళలో ఉండాలంటే అంతకు ముందు వర్షాకాలానికే రాతప్రతి ప్రెస్సుకి చేరాలి. ఆ తర్వాత ప్రూఫులు. అచ్చులో 6 తలకిందులై 9 అయితే ఎక్కడో ఒక ఊళ్ళో గృహప్రవేశం వేళ మారిపోతుంది. అందుకని ఇంట్లో ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు సరిచూడాలి. ఆ చదివే పని అమ్మది.

పంచాంగంలో ఏ రోజు వరస తీసుకున్నా తిథి పక్కనే నక్షత్రం ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలో భూమి నడక దాగి ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అశ్వినిలో బయలుదేరిన చంద్రుడు మళ్ళీ అశ్వినికి చేరడానికి సగటున 27.32 రోజులు పడుతుంది. అమావాస్య నుంచి అమావాస్యకి 29.53 రోజులు. నడిచేది ఒకే చంద్రుడైతే రెండు రోజుల పైచిలుకు తేడా ఎందుకొచ్చింది? చంద్రుడు భూమి చుట్టూ ఒకసారి తిరిగివచ్చేలోగా భూమి ఊరికే కూర్చోదు. అతణ్ణి వెంటబెట్టుకుని సూర్యుడి చుట్టూ 27 అంశల దాకా ముందుకి సాగుతుంది. నక్షత్రాలు ఎంతో దూరాన ఉన్నాయి కనక ఉన్నచోటనే ఉన్నట్టు కనిపిస్తాయి. సూర్యుడు మాత్రం మన కంటికి ఆ మేరకు జరిగిపోతాడు. ఆయన్ని అందుకోవడానికి చంద్రుడు ఇంకో రెండు రోజులు నడవాలి. చైత్ర పున్నమి చిత్త దగ్గర వస్తే, వైశాఖ పున్నమి విశాఖ దగ్గరకి జరిగేది అందుకే. నక్షత్రం గడిలో ఉన్నది చంద్రుడొక్కడి పద్దు. తిథి గడిలో ఉన్నది భూమీ చంద్రుడూ కలిసి సూర్యుడి చుట్టూ చేసే ప్రయాణపు పద్దు.

"మీ పంచాంగంలో సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతాడు కదండీ, ఇంకా ఈ కాలంలోనా?" అని చదువుకున్నవాళ్ళు అడుగుతుంటారు. సూర్యుడి దగ్గర నిలబడి చూస్తే భూమి ఏ దిక్కున కనిపిస్తుందో, భూమి మీద నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా దానికి ఎదుటి దిక్కున కనిపిస్తాడు. ఒక లెక్కకి 180 అంశలు కలిపితే రెండోది వస్తుంది. రవి మకరంలో ప్రవేశించాడని మేం రాస్తే, భూమి కర్కాటకం దిక్కున అడుగుపెట్టిందని చదువుకోవచ్చు. పండగలు చేసుకునేది భూమి మీద కనక మేం భూమి మీద నుంచే రాస్తాం.

ఇక అష్టమి సంగతి. చంద్రుడు సగటున రోజుకి సూర్యుడి కంటే 12 అంశల 11 కలలు ఎక్కువ నడుస్తాడు. 12 అంశలకి ఒక తిథి కాబట్టి సగటు తిథి 23 గంటల 37 నిమిషాలు, అంటే 59 ఘడియల పైన కాస్త. కానీ ఏ తిథీ సగటుగా ఉండదు. పాత పద్ధతివాళ్ళకి ఒక కొలత ఉంది, బాణవృద్ధి రసక్షయం అంటారు. 60 ఘడియల మీద తిథి అయిదు ఘడియలు పెరగవచ్చు, ఆరు తగ్గవచ్చు, అంతకు మించదు అని. ఆకాశాన్ని సరిపోల్చుకుంటూ చేసే దృక్ గణితంలో మాత్రం తిథి దాదాపు 67 ఘడియల దాకా సాగుతుంది, 50 ఘడియలకి కుంచించుకుపోతుంది. శ్రాద్ధ తిథులు, ఏకాదశులు, అష్టములు నిర్ణయించే దగ్గర ఈ రెండు కొలతలవాళ్ళూ పోట్లాడుకోని ఏడాది లేదు.

నేను మొదటిసారి ఒక నెల తిథులు దృక్ గణితంతో వేసి నాన్నగారి ముందు పెట్టాను. ఆయన అన్నీ చూసి అష్టమి దగ్గర ఆగారు.

"మన లెక్క కంటే పన్నెండు ఘడియలు ముందే వెళ్ళిపోతోందేవిట్రా ఇది?"

"ఆకాశంలో అలాగే ఉందండి నాన్నగారూ."

"చంద్రుడు అంత తప్పితే సూర్యసిద్ధాంతంతో కట్టిన గ్రహణాలు ఇన్ని వందల ఏళ్ళు ఎలా పట్టాయిరా? చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. కాలేజీ లైబ్రరీలో ఖగోళ పుస్తకాలు పట్టుకు కూర్చున్నాక తెలిసింది, ఆయన ప్రశ్నలోనే జవాబుందని. చంద్రుడికి రెండు పెద్ద సవరణలున్నాయి. ఒకటి దీర్ఘవృత్తం వల్ల వచ్చేది, గరిష్ఠంగా 6.3 అంశలు. రెండోది సూర్యుడి వల్ల వచ్చేది, దాదాపు 1.3 అంశలు. అమావాస్య, పున్నమి వేళల్లో రెండోది మొదటిదానికి ఎదురు తిరుగుతుంది. 6.3లోంచి 1.3 పోతే మిగిలేది 5. సూర్యసిద్ధాంతం చంద్రుడికిచ్చిన మందఫలం గరిష్ఠంగా దాదాపు ఆ అయిదు అంశలే. చంద్రుణ్ణి పూర్వులు కచ్చితంగా కొలవగలిగింది గ్రహణ సమయాల్లో, గ్రహణాలొచ్చేది అమావాస్యకీ పున్నమికీ. అక్కడ వాళ్ళ అంకె పక్కాగా సరిపోయింది. అష్టమి నాడు రెండు సవరణలూ ఒకే వైపు నిలబడతాయి. 6.3, 1.3 కలిస్తే 7.6. పాత లెక్క అక్కడా అయిదే వాడుతుంది. మిగిలిపోయిన రెండున్నర అంశలే ఆ పన్నెండు ఘడియలు.

ఇది విన్నాక నాన్నగారు కాసేపు కాగితం మీద అంకెలు వేసుకుని, "అయితే మనవాళ్ళు చూసిన చోట తప్పలేదన్నమాట. చూడని చోట చెప్పలేదు" అన్నారు. అలా అని ఆయన పద్ధతి మార్చుకోలేదు. ఆయన పంచాంగం వాడే గుళ్ళూ, పురోహితులూ ఆ గణితాన్నే నమ్ముకున్నవాళ్ళు. చాలాకాలం మా ఇంట్లో ఒక గదిలో సూర్యసిద్ధాంతం, ఇంకో గదిలో దృక్ గణితం నడిచాయి. భోజనాల దగ్గర మాత్రం తగువు పెట్టుకోకూడదని అమ్మ శాసనం.

ఆ రెండో సవరణ మన దేశంలో ఎవరికీ పట్టలేదని కాదు. గ్రీకుల్లో టాలెమీ 2వ శతాబ్దంలో చెప్పినదాన్ని మంజులుడు తనదైన దారిలో 932 నాటి లఘుమానసంలో ఇచ్చాడు. కానీ పంచాంగాల సారణుల్లోకి అది ఎక్కలేదు. నాకు మరీ ఆశ్చర్యం కలిగించేవాడు ఒడిశాలోని ఖండపడాకి చెందిన సామంత చంద్రశేఖరుడు (1835–1904). పఠాణి సామంత అని అక్కడ పిలుస్తారు. టెలిస్కోపు లేదు, ఇంగ్లీషు చదువు లేదు. వెదురుతో, కర్రతో సొంతంగా చేసుకున్న పరికరాలతో ఏళ్ళ తరబడి చంద్రుణ్ణి వెంటాడి మూడు సవరణలు పట్టాడు. 1899లో అచ్చయిన సిద్ధాంత దర్పణంలో వాటికి తుంగాంతరం, పాక్షికం, దిగంశం అని పేర్లు పెట్టాడు. తుంగాంతరమే మా ఇంట్లో తగువు తెచ్చిన సవరణ. పాక్షికం పక్షానికొకసారి తిరిగి వచ్చేది, పెద్దదైనప్పుడు 0.66 అంశ ఉంటుంది. దిగంశం ఏడాదికొకసారి వచ్చే చిన్న సవరణ, 0.19 అంశ. యూరపు వాళ్ళు టైకో బ్రాహే కాలం నుంచి పట్టుకున్న ఈ చివరి రెండింటినీ, ఆయన వాళ్ళ సంగతి తెలియకుండానే పట్టుకున్నాడు.

మూడింటికీ మూలం ఒక్కటే. సూర్యుడు.

దీన్ని అంకెల్లో చాలాకాలం వాడుకున్నాను కానీ, నాకు బొమ్మ కట్టి కనిపించింది మాత్రం పిల్లలకి చెప్పాల్సి వచ్చినప్పుడు. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి ఏదో ఒక బడివాళ్ళు నన్ను పిలుస్తారు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే చంద్రుడు ఏ దారిన పోతాడో గీయమంటే పిల్లలందరూ ఒకటే గీస్తారు. భూమి కక్ష్య చుట్టూ చుట్టలు చుట్టలుగా మెలికలు. బొమ్మలో భూమి చంద్రుల మధ్య దూరం పెంచి గీస్తే అలాగే వస్తుంది మరి. అందుకని వాళ్ళని మైదానంలోకి తీసుకుపోతాను. ఒక కొయ్య పాతి అది సూర్యుడనుకోమంటాను. వంద మీటర్ల తాడు లాగి, ఆ చివర ముగ్గుపిండితో వృత్తంలో ఒక ముక్క గీయిస్తాను. అది భూమి దారి. ఈ కొలతలో చంద్రుడు భూమికి ఎంత దూరంలో ఉండాలి? సూర్యుడు 14.96 కోట్ల కిలోమీటర్లు, చంద్రుడు 3,84,400 కిలోమీటర్లు. లెక్క కడితే 26 సెంటీమీటర్లు. జానెడు మీద కాస్త.

నెల రోజుల్లో భూమి ఆ ముగ్గు గీత మీద 50 మీటర్లు నడుస్తుంది. అంత మేరలో చంద్రుడు చేసేదల్లా, అమావాస్యకి గీత లోపలి వైపు 26 సెంటీమీటర్లు, పున్నమికి వెలుపల 26 సెంటీమీటర్లు జరగడం. మెలిక పడడానికి చోటే లేదు. ఇంకో సంగతి కూడా పిల్లలు కొలిచే తేలుస్తారు. ఆ 50 మీటర్ల ముక్కకి రెండు కొసలా దారం కట్టి లాగితే, మధ్యలో గీత దారం నుంచి మూడు మీటర్ల పైనే వంగి ఉంటుంది. మూడు మీటర్ల వంపు ముందు 26 సెంటీమీటర్ల ఊగులాట ఏపాటిది? అందుకే చంద్రుడి దారి ఏ ఒక్క చోటా వెలుపలికి వంగదు, ఎప్పుడూ సూర్యుడి వైపే వంగి ఉంటుంది. వేగాల్లో చెప్పినా అంతే. సూర్యుడి చుట్టూ ఇద్దరూ సెకనుకి దాదాపు 30 కిలోమీటర్లు పోతుంటే, భూమి చుట్టూ చంద్రుడి వేగం సెకనుకి ఒక్క కిలోమీటరు. వెనక్కి నడిచే క్షణం అతనికి ఎప్పుడూ రాదు.

"అయితే చంద్రుడు ఎవరి చుట్టూ తిరుగుతున్నట్టు తాతగారూ?" అని ఒక అమ్మాయి అడిగింది. ఇద్దరి చుట్టూనమ్మా అన్నాను. చంద్రుడి మీద భూమి లాగుడు కంటే సూర్యుడి లాగుడే 2.2 రెట్లు ఎక్కువ అని కూడా చెప్పాను. వెంటనే రావలసిన ప్రశ్న వచ్చింది. "మరి సూర్యుడు లాక్కుపోడేం?"

లాక్కుపోడు, ఎందుకంటే భూమినీ దాదాపు అంతే గట్టిగా లాగుతున్నాడు. ఇద్దరూ ఒకే తీరుగా సూర్యుడి వైపు పడుతూ, పక్కకి ఉన్న వేగం వల్ల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళిద్దరి మధ్య బంధాన్ని కదిలించేది సూర్యుడి లాగుడు మొత్తం కాదు, భూమి మీద పడే లాగుడికీ చంద్రుడి మీద పడే లాగుడికీ ఉన్న తేడా. అమావాస్య నాడు చంద్రుడు సూర్యుడికి దగ్గర, కాబట్టి అతనిమీద లాగుడు కాస్త ఎక్కువ. పున్నమి నాడు అతను దూరం, భూమి మీద ఎక్కువ. రెండు రోజుల్లోనూ ఫలితం ఒకటే, ఇద్దర్నీ విడదీసే వైపు. భూమి పట్టు దాదాపు తొంభయ్యో వంతు సడలుతుంది. అష్టమి నాడు ఇద్దరూ సూర్యుడికి సమాన దూరంలో పక్కపక్కన ఉంటారు. అప్పుడు సూర్యుడు ఇద్దర్నీ తనవైపుకే లాగడంతో వాళ్ళని కాస్త దగ్గరకి నెట్టినట్టవుతుంది. పట్టు దాదాపు నూట ఎనభయ్యో వంతు బిగుస్తుంది.

పక్షానికొకసారి ఈ సడలడం, బిగియడం. దీనివల్ల చంద్రుడి దీర్ఘవృత్తమే స్థిరంగా ఉండదు. దాని పొడుగు వైపు సూర్యుడికి ఎదురుగా తిరిగినప్పుడు ఇంకా సాగుతుంది, అడ్డంగా తిరిగినప్పుడు గుండ్రబడుతుంది. సామంత తుంగాంతరం అన్నదీ, నాన్నగారి ముందు నేను తెల్లమొహం వేసిన రెండున్నర అంశలూ ఇదే. ఇక దిగంశం. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దగ్గరకి వస్తుంది, జులై మొదట్లో 15.21 కోట్ల కిలోమీటర్ల దూరం పోతుంది. దగ్గరైనప్పుడు సూర్యుడి జోక్యం పెరిగి చంద్రుడు కొద్దిగా నెమ్మదిస్తాడు. పుష్యమాసపు చంద్రుడికీ ఆషాఢమాసపు చంద్రుడికీ నడకలో తేడా ఉందన్నమాట.

చంద్రుడి వల్ల భూమికి ఏమీ కాదా? అవుతుంది, అది మా సంక్రమణాల గడిలో కనిపిస్తుంది. సూర్యుడి చుట్టూ నిక్కచ్చిగా తిరిగేది భూమి కేంద్రం కాదు, భూమి చంద్రులిద్దరి ఉమ్మడి భారకేంద్రం. కావడి మోసేవాడు బరువైన కుండ వైపుకి భుజం జరుపుకున్నట్టే, చంద్రుడి కంటే భూమి 81 రెట్లు బరువు కనక ఆ బిందువు భూమి వైపుకే జరిగి, భూమి లోపలే ఉంటుంది. కేంద్రం నుంచి దాదాపు 4,670 కిలోమీటర్లు, ఉపరితలానికి 1,700 కిలోమీటర్ల లోతున. భూమి నెలకొకసారి దాని చుట్టూ ఊగుతుంది. శుక్లాష్టమి నాడు భూమి తన దారిలో ఆ మేరకు ముందుంటుంది, బహుళాష్టమి నాడు వెనకబడుతుంది. మనకి సూర్యుడు 6 వికలల పైన అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తాడు. రవి అంత దూరం నడవడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. మకర సంక్రమణం శుక్లాష్టమి నాడు పడితే అంత ముందుకీ, బహుళాష్టమి నాడు పడితే అంత వెనక్కీ జరుగుతుంది. పుణ్యకాలానికి రెండు నిమిషాల తేడా లెక్కలోకి రాదు. అయినా సూర్యుడి గడిలో చంద్రుడి వేలిముద్ర చూసిన రోజు, నాకు ఎక్కడలేని సంబరం వేసింది.

అధిక మాసం తేల్చేటప్పుడు మాత్రం గంటలూ నిమిషాలూ లెక్కలోకి వస్తాయి. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజుల పైన కొంచెం, భూమి సూర్యుణ్ణి చుట్టేది 365 రోజుల పైన కొంచెం. ఏటా పదకొండు రోజులు వెనకబడే చాంద్రమానాన్ని లాక్కురావడానికి ఇంచుమించు 32 నెలలకొకసారి అధిక మాసం. రెండు అమావాస్యల మధ్య రవి సంక్రమణం లేకపోతే ఆ నెల అధికం, ఇదీ నియమం. 2026 పరాభవ సంవత్సరంలో అది జ్యేష్ఠానికి పడింది. అమావాస్య మే 16 అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. రవి వృషభంలోకి వెళ్ళింది అంతకు ముందు మే 15నే. తరవాతి అమావాస్య జూన్ 15 ఉదయం ఎనిమిదిన్నర లోపు ముగుస్తుంది, మిథున సంక్రమణం అదే రోజు మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో. దాదాపు నాలుగున్నర గంటలు అటైతే ఆ నెలలో సంక్రమణం పడిపోయేది, అధికం వేరే నెలకి పోయేది. ఆ కాలంలో భూమి సూర్యుడికి దూరంగా ఉండి నెమ్మదిగా నడుస్తుంది కనక సౌరమాసం 31 రోజులు దాటుతుంది, చాంద్రమాసం అందులో సులువుగా ఇమిడిపోతుంది. ధనుస్సు, మకరాల్లో భూమి జోరు మీద ఉండి సౌరమాసమే చాంద్రమాసం కంటే కుదించుకుపోతుంది. అందుకే ఆ రోజుల్లో అధికం రావడం బహు అరుదు, ఎప్పుడో తరానికొకసారి నెలే మాయమవుతుంది. 1982–83లో మాఘం అలాగే క్షయమైంది. ఆ ఏడాది నెలల పేర్ల మీద జరిగినంత వాదన నేను మరెప్పుడూ వినలేదు.

పంచాంగకర్తకి పరువు నిలబెట్టేది గ్రహణం. తిథి తేడా పడితే పదిమందితో వాదించవచ్చు, గ్రహణం తప్పితే ఊరంతా చూస్తుంది. చంద్రుడి దారి భూమి కక్ష్యకి 5 అంశలు వాలి ఉండడం వల్ల నెలనెలా గ్రహణం రాదు. ఆ రెండు తలాలూ కోసుకునే చోటు రాహువు, కేతువు. ఆ చోట్లు కూడా సూర్యుడి జోక్యంతోనే వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతాయి. చంద్రగ్రహణం సులువు, స్పర్శ, మోక్షాలు దేశమంతటికీ ఒకే వేళ. 2025 సెప్టెంబరు 7 భాద్రపద పున్నమి నాడు రాత్రి 9.57 ప్రాంతంలో స్పర్శ అని రాస్తే విశాఖపట్నానికీ హైదరాబాదుకీ ఒకటే. సూర్యగ్రహణానికి ఊరూరికీ లంబనం, నతి కట్టాలి, ఎందుకంటే చూసేవాడు నిలబడిన చోటుని బట్టి చంద్రుడు దాదాపు అంశ మేర జరిగి కనిపించగలడు.

1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగానే పోయింది. హైదరాబాదు దగ్గర జపాల్ రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు, ఊళ్ళల్లో జనం తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఒకలాంటి గ్రహణం 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలకి మళ్ళీ వస్తుంది. ఆ 8 గంటల్లో భూమి తన చుట్టూ తాను మూడో వంతు తిరిగిపోతుంది కనక గ్రహణం కనిపించేది వేరే ఖండంలో. 1980 నాటిది 1998లో కరీబియను సముద్రం మీదకి, 2016లో ఇండొనేషియా మీదకి పోయింది. మూడు ఆవృత్తులకి ఎనిమిది గంటలు మూడుసార్లు కలిసి ఒక రోజవుతుంది, అందుకని 2034 మార్చి 20న అదే వరసలోని గ్రహణం మళ్ళీ భారతదేశాన్ని తాకుతుంది. ఈసారి ఉత్తరాన, కార్గిల్ వైపు.

ఇప్పుడు చేత్తో లెక్క కట్టే అవసరం పోయింది. 1955లో మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం నివేదిక ఇచ్చాక ప్రభుత్వమే దృక్ గణితంతో రాష్ట్రీయ పంచాంగం వేస్తోంది, అది తెలుగులో కూడా వస్తుంది. ఖగోళవేత్త బ్రౌన్ 1919 నాటి సారణుల్లో చంద్రుడికి దాదాపు పదిహేను వందల సవరణలుంటే, తర్వాత వచ్చిన సిద్ధాంతాల్లో అవి వేలకి చేరాయి. 1969 నుంచి చంద్రుడి మీద పెట్టిన అద్దాలకి లేజరు కొట్టి దూరం కొలుస్తున్నారు, ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని కూడా తేల్చారు. ఆ కొలతల మీద కట్టిన గ్రహస్థితులు కంప్యూటర్లో మీట నొక్కితే వస్తున్నాయి. గణితానికి ఏడాది పట్టే పని మధ్యాహ్న భోజనం లోపు అయిపోతుంది.

అయినా ఫోన్లు ఆగవు. చంద్రుడు సూర్యుడి నుంచి 12 అంశలు జరిగే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, ఆ రోజు తిథి ఏదో తేల్చే సూర్యోదయం మాత్రం ఊరికొకటి. 2026 ఉగాదినే చూడండి. పాడ్యమి మార్చి 19 ఉదయం 6.52 ప్రాంతంలో మొదలై మర్నాడు తెల్లవారకముందే 4.52 ప్రాంతంలో ముగుస్తుంది. మన దగ్గర ఆ పాడ్యమికి సూర్యోదయమే లేదు, క్షయ తిథి. న్యూజెర్సీలో అదే పాడ్యమి 18 రాత్రి మొదలై 19 సాయంత్రం దాకా ఉంటుంది, సూర్యోదయం చక్కగా మధ్యలో పడుతుంది. "మీ పంచాంగంలో పాడ్యమి లేదు, మా క్యాలెండర్లో ఉంది, ఎవరు తప్పండీ?" అని అక్కడి తెలుగువాళ్ళు అడిగితే ఎవరూ తప్పు కాదు అని చెప్పడానికి అరగంట పడుతుంది.

నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళకి కంప్యూటరు బాగా వచ్చు. వాళ్ళకి నేను పెట్టే పని ఒకటుంది. సంక్రాంతి ముందు వెనకల బహుళాష్టమి వస్తే, తెల్లవారుజామున లేచి చిత్త నక్షత్రాన్ని చూడాలి. మేం వాడే అయనాంశ (రాశిచక్రాన్ని ఎక్కడి నుంచి కొలవాలో చెప్పే సవరణ) ప్రకారం చిత్త 180 అంశల దగ్గర ఉంటుంది, రవి అప్పుడు 270 దగ్గర. సరిగ్గా అష్టమి నడిమికి చంద్రుడు చిత్త పక్కకి రావాలి. పాత సారణితో, కొత్త గణితంతో చంద్రుడు ఎక్కడుండాలో ముందురోజే రెండు గుర్తులు వేసుకుని వెళ్ళమంటాను. చంద్రబింబం వెడల్పు అర అంశ. తేడా ఎక్కువగా ఉన్న ఏడాదైతే ఆ రెండు గుర్తుల మధ్య అయిదు చంద్రుళ్ళు పడతారు. ఏది సరైనదో చెప్పడానికి నా అనుభవమూ అక్కర్లేదు, వాళ్ళ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

పంచాంగం కొనేవాళ్ళకి చెప్పేది కూడా ఇంతే. ఏ గణితంతో వేశారు, ఏ అయనాంశ తీసుకున్నారు, ఏ ఊరి సూర్యోదయం వాడారు, ఈ మూడూ లోపల అచ్చు వేశారో లేదో చూసి కొనండి. వేయకపోతే సిద్ధాంతిగారిని అడగండి. అడిగితే కోపం వచ్చే సిద్ధాంతి అయితే, ఆయన అష్టములు ఒకసారి సరిచూసుకోవడం మంచిది.